గ్రైండరులో సోలెడు బియ్యం

ఖరీదైన యంత్రాన్ని, పాత స్నేహాన్ని, కష్టపడి సంపాదించుకున్న పరువును ఒకే పూటలో గంగలో కలిపిన మహానుభావుడి కథ ఇది. గుండె జబ్బులున్నవారు, యంత్రాలను ప్రేమించేవారు, ముఖ్యంగా కాఫీ తాగుతూ చదివేవారు కాస్త జాగ్రత్త. ఆ మహానుభావుడిని నేనే. ఐదేళ్ళ కిందటి నేను. ఇప్పుడు ఎదురుపడితే వాడిని పలకరించను కూడా.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. బందరుకు దగ్గర్లో ఒక ఇంజినీరింగు కాలేజీలో మెషిన్ డిజైన్ చెప్పేవాణ్ణి. అంటే యంత్రాల బొమ్మలు బోర్డు మీద అందంగా గీసేవాణ్ణి. నిజం యంత్రం దగ్గరికి వెళ్తే చొక్కాకు గ్రీజు అంటుతుందని ఓ గజం దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "దీని డిజైన్లోనే లోపం ఉంది" అనేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ మిక్సీని ఒకసారి బాగుచేశాను. ఆ తర్వాత దాని జారు నాలుగేళ్ళపాటు పోపులపెట్టెగా సేవ చేసింది. అయినా నా ఆత్మవిశ్వాసానికి చీమ కుట్టినంత నొప్పి కూడా కలగలేదు. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నా విషయంలో పోవడానికి ముందు ఉండిందా అన్నది వేరే చర్చ.

నసీమా నా క్లాస్‌మేటు. వాళ్ళ నాన్నగారు బందరులో కారం మర నడిపేవారు. ఆ మరల చప్పుడులో పెరిగిన పిల్ల. ఇంజినీరింగు అయ్యాక బెంగళూరు వెళ్ళి, కాఫీ కొట్లలో ఎనిమిదేళ్ళు నిలబడి పని నేర్చుకుని, తిరిగొచ్చి కోనేరు సెంటరుకు నాలుగడుగుల దూరంలో ఒక కాఫీ షాపు పెట్టాలని నిశ్చయించుకుంది. ఆదివారం సాయంత్రం ప్రారంభం. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మంగినపూడి దారిలో కొత్తగా ఒక రిసార్టు కడుతున్నారు. అందులో కాఫీ కౌంటరు ఎవరికివ్వాలో తేల్చడానికి దాని మేనేజరు ప్రసాదుగారు శనివారం నాలుగింటికి వచ్చి నసీమా కాఫీ తాగుతానన్నారు. ఆ కౌంటరు వస్తే షాపు నిలబడుతుంది. రాకపోతే ఆమె మళ్ళీ బెంగళూరు బస్సెక్కాలి.

ఆ షాపులో దేవుడి పటం తర్వాత అంత గౌరవంగా నిలబెట్టిన వస్తువు ఒకటుంది. ఇటలీ నుంచి తెప్పించిన కాఫీ గ్రైండరు. బూడిదరంగు ఒళ్ళు, పైన గింజలు పోసే గాజు గిన్నె, మెడ చుట్టూ అంకెలు చెక్కిన ఇత్తడి పట్టీ. నసీమా దాన్ని నాకు పరిచయం చేసిన తీరు చూస్తే పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి.

"లోపల పళ్ళున్న రెండు ఉక్కు బిళ్ళలుంటాయి శేషూ. మన తిరగలి లాగే. కిందది తిరుగుద్ది, పైది కదలదు. రెండింటి మధ్య సందు వెంట్రుక కన్నా సన్నం. ఈ పట్టీని ఒక్క అంకె జరిపితే చాలు, కాఫీ రుచి మారిపోద్ది."

"ఓస్, ఇంతేనా! కోన్ అడ్జస్ట్‌మెంటు," అన్నాను నేను. అది కోన్ కాదు, అడ్జస్ట్‌మెంటు గురించి నాకేమీ తెలియదు. తెలియని వస్తువుకు ఇంగ్లీషు పేరు పెట్టి భుజాలెగరేయడం నాకు జీతమిచ్చి నేర్పిన విద్య.

శనివారం పొద్దున్నే నసీమా ఫోను చేసింది.

"అవనిగడ్డ వెళ్తున్నా, పాలవాళ్ళతో మాట్లాడాలి. దివిసీమ గేదెపాలు అయితేనే నురగ బాగా నిలబడుద్ది. మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఎలక్ట్రీషియన్ బాజీ బోర్డు తగిలించడానికి వస్తాడు. నువ్వు షాపులో కూర్చోవాలి."

"నేనేమైనా చెయ్యనా?"

"వద్దు."

"చిన్న సాయం ఏదైనా..."

"కూర్చోవడమే సాయం. కుర్చీలో. చేతులు ఒళ్ళో పెట్టుకుని. గ్రైండరు క్లీన్ చెయ్యాలి గానీ, అది నేనొచ్చి చేసుకుంటా."

ఈ చివరి వాక్యంలో బుద్ధిమంతుడికి వినిపించేది 'నేనొచ్చి చేసుకుంటా' అన్న ముక్క. నాకు వినిపించింది 'క్లీన్ చెయ్యాలి' అన్న ముక్క మాత్రమే.

తొమ్మిదింటికి షాపు తెరిచి కుర్చీలో కూర్చున్నాను. తొమ్మిదీ పదికి లేచాను. పది నిమిషాలు ఊరికే కూర్చోగలిగానంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. ఫోనులో 'కాఫీ గ్రైండరు శుభ్రం చేయడం ఎలా' అని వెతికితే, ఎవరో గడ్డపాయన నవ్వుతూ, గ్రైండరులో బియ్యం పోసి ఆడిస్తే లోపలి నూనె, వాసన, మురికి అంతా బియ్యమే పీల్చేస్తుందని చెబుతున్నాడు. అంతవరకే చూశాను. వీడియోలైనా పుస్తకాలైనా చివరిదాకా చూసే అలవాటు నాకు లేదు. ఆ వీడియో చివర్లో ఆయన నవ్వడం మానేసి, "ఇది చిన్న ఇంటి గ్రైండర్లకు మాత్రమే, పెద్ద యంత్రాలకు ఎప్పుడూ చేయకండి" అన్నాడట. అది తర్వాత నసీమా నాకు మూడుసార్లు వేసి చూపించింది.

గ్రైండరు పక్కనే ఒక డబ్బాలో గోధుమరంగు గుళికలు కనిపించాయి. చూడటానికి పశువుల దాణాలా ఉన్నాయి. 'పాపం నసీమా, కాఫీ షాపులో దాణా ఎందుకు పెట్టుకుందో!' అని జాలిపడి, డబ్బా పక్కకు నెట్టాను. అవి ఆ గ్రైండరును శుభ్రం చేయడానికే తయారుచేసిన గుళికలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంది. చదవడం నా వృత్తి కాదు, చెప్పడం నా వృత్తి.

కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి బియ్యానికి కొదవేముంది? పక్క కిరాణా కొట్టులో సోలెడు తెచ్చాను. గాజు గిన్నెలో పోశాను. అప్పుడే బాజీ నిచ్చెనతో లోపలికొచ్చాడు.

"ఏం చేస్తన్నారు సార్?"

"క్లీనింగు."

"బియ్యంతోనా? ఇది పిండిమర కాదనుకుంటా సార్."

"శాస్త్రం వేరు బాజీ, నువ్వు బోర్డు చూసుకో," అని స్విచ్ నొక్కాను.

మొదట 'ఝుయ్' మంది. తర్వాత 'గుర్ర్' మంది. ఆ తర్వాత ఒక ముసలి గేదె మూలిగినట్టు మూలిగి, ఆగిపోయింది. స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. లోపల వెంట్రుకంత సందులో సోలెడు బియ్యంలో సగం పిండై, బిగుసుకుని కూర్చుంది. బ్రష్షుతో పోయేదానికి బియ్యం దాకా తెచ్చుకున్నాను.

ఇక్కడ ఆగి నసీమాకు ఫోను చేసి ఉంటే ఈ కథ ఒక పేజీలో అయిపోయేది. కానీ అడుసు తొక్కినవాడు కాలు కడుక్కుని ఊరుకుంటాడా? నాలాంటివాడైతే కాలు కడుక్కోవడానికి బావిలోకే దూకుతాడు. విప్పడం మొదలుపెట్టాను.

ఇత్తడి పట్టీని తిప్పి తిప్పి పైకి తీశాను. అది ఏ అంకె దగ్గర ఉందో గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచన, తీసేసిన అరగంటకు వచ్చింది. పై బిళ్ళ తీశాను. కింది బిళ్ళ కూడా తీశాను. దాని అడుగున కాగితమంత పల్చటి గుండ్రటి రేకులు మూడున్నాయి. ఇవెందుకో అర్థం కాలేదు. అర్థం కానివి అనవసరమైనవని అప్పట్లో నా సిద్ధాంతం. 'ప్యాకింగులో వచ్చి ఉంటాయి' అనుకున్నాను. మొదటి టేబులు కాలు ఊగుతోందని నసీమా నిన్న విసుక్కుంది కదా, మూడు రేకులూ దాని కింద పెట్టాను. టేబులు బండరాయిలా నిలబడింది. ఆ రోజు నేను చేసిన ఇంజినీరింగు అదొక్కటే.

పిండినంతా గుడ్డతో తుడిచాను. ఇత్తడి పట్టీ లోపలి మరచుట్లలో ఇరుక్కున్నది రాలేదు. దానికి కొబ్బరినూనె రాశాను. తర్వాత అన్నీ ఎక్కడివక్కడ పెట్టి పట్టీ తిప్పబోతే, సగంలో ఆగిపోయింది. చేత్తో రాలేదు.

"బాజీ, నీ పైపు రెంచి ఇటివ్వు."

"వద్దు సార్."

"నేను మెషిన్ డిజైన్ చెప్తానయ్యా!"

"అందుకే వద్దంటన్నా సార్."

లాక్కుని బిగించాను. 'కటక్' మని ఒక శబ్దం వచ్చింది. అలాంటి శబ్దం డాక్టరుగారు పన్ను పీకేటప్పుడు నా నోట్లో విన్నాను. పట్టీ కొంచెం పక్కకు ఒరిగి, అయినా తిరిగింది. స్విచ్ నొక్కితే మోటారు కూడా తిరిగింది. "చూశావా!" అని బాజీ వైపు చూశాను. బాజీ నా వైపు చూడలేదు. తన రెంచిని తుడిచి, జేబు గుడ్డలో చుట్టి, సంచి అడుగున దాచుకున్నాడు. బోర్డు తగిలించిన వెంటనే, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మునిగే పడవను ముందు వదిలేది ఎలుకలంటారు గానీ, బాజీ తెలివైనవాడు.

నసీమా బస్సు చల్లపల్లి దగ్గర ఆగిపోయి, ఆమె వచ్చేసరికి నాలుగుకు ఐదు నిమిషాలుంది. గుమ్మంలోనే ప్రసాదుగారు ఎదురుపడ్డారు. గ్రైండరును పరీక్షించుకునే వ్యవధి ఆమెకు లేదు.

"అంతా బాగానే ఉందా?" అని నా చెవిలో అడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. ఇంత పచ్చి అబద్ధం ఆడినప్పుడు నోరు పడిపోతుందంటారు. పడలేదు. పడి ఉంటే బాగుండేది, తర్వాతి మాటలు తప్పేవి.

నసీమా కాఫీ గింజలు పోసి గ్రైండరు వేసింది. ఆ శబ్దానికే ఆమె కనుబొమ్మలు దగ్గరయ్యాయి. రాలిన పొడి నల్లగా లేదు. విభూది కలిపిన తారులా ఉంది. అయినా ప్రసాదుగారు చూస్తున్నారు కదా, దాన్ని నొక్కి కాఫీ మెషిన్లో బిగించి వేడినీళ్ళు వదిలింది. ఇరవై క్షణాలు ఏమీ రాలేదు. ముప్ఫై క్షణాలకు ఒక చుక్క వచ్చింది, కిందపడటానికి ఇష్టం లేక వేలాడింది. చివరికి కప్పులోకి ఏదో జారింది. కాఫీ అనడానికి మనస్సాక్షి ఒప్పుకోదు.

ప్రసాదుగారు పెద్దమనిషి. ఒక గుక్క తాగారు. కప్పు కింద పెట్టారు. మళ్ళీ ఎత్తి వాసన చూశారు.

"అమ్మా, ఏమనుకోకు. ఇందులో గంజి ఏమైనా కలుపుతారా?"

"గంజా?"

"గంజే. మా అమ్మగారు జ్వరమొస్తే ఇచ్చేది అచ్చం ఇలాగే ఉండేది. కొంచెం కొబ్బరి కూడా తగులుతోంది."

నేను ముందుకు దూకాను. "నీళ్ళ వల్లండీ! బందరు నీళ్ళు ఉప్పన కదా! గింజలు కూడా పాతవేమో. అసలు ఈ గ్రైండరు డిజైన్లోనే..."

"శేషూ," అంది నసీమా. గిన్నె మూత తీసి, లోపలి నుంచి రెండు వేళ్ళతో ఒక గింజను పైకి తీసింది. వెలుగుకు ఎత్తి చూపించింది. "ఇదేంటి?"

"బియ్యపు గింజ."

"ఎక్కడిది?"

"పెదపారుపూడి వైపుది అనుకుంటా. కొట్టు ఆయన అటు పొలాలవి అన్నాడు."

అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. ఆ గింజను నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. ఎనిమిదేళ్ళ కష్టం ఆమె చేతిలో ఉందని అప్పుడు తెలిసింది. నేను సరదాకి చెప్పుకునే ఈ కథలో, ఆ ఒక్క నిమిషాన్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

ప్రసాదుగారు లేచి నిలబడ్డారు. "రేపు సాయంత్రం మీ ప్రారంభానికి ఎలాగూ వస్తాను తల్లీ. అప్పుడు మళ్ళీ తాగుతాను. ఎల్లుండి వేరే వాళ్ళను చూడాలి మరి," అని వెళ్ళిపోయారు.

"గుడివాడలో కోటయ్యగారున్నారు," అంది నసీమా నా మొహం చూడకుండా. "మా నాన్న మరలో రాళ్ళకు గంట్లు కొట్టింది ఆయనే. పొద్దున్నే మొదటి బస్సు. నువ్వు మోస్తున్నావు."

మోశాను. ఆ గ్రైండరు బరువు ఏడాది గేదెదూడంత. బందరు నుంచి గుడివాడ దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్లవల్లేరు దాటేసరికి తొడలకు తిమ్మిరెక్కి, కాళ్ళున్నాయో లేవో తెలియడం మానేసింది. పక్కసీటు పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏంటండీ అది? కుట్టుమిషనా?"

"కాఫీ గ్రైండరండీ."

"కాఫీపొడి మా వీధి చివర కొట్లో దొరుకుద్ది కదండీ. పాపం ఇంత మోతెందుకు?"

నసీమా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. ఆ పచ్చని చేలన్నీ రేపటి బియ్యమని గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

కోటయ్యగారికి అరవై దాటాయి. పిండిమరలు, కారం మరలు, హోటళ్ళ రుబ్బురోళ్ళు బాగుచేస్తారు. బడికి ఐదో తరగతితో సెలవిచ్చారు. గ్రైండరును ముందు ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూశారు. వంగి వాసన చూశారు. పట్టీ విప్పి, మరల మీద గోరుతో గీసి, తల పైకెత్తారు.

"దీన్ని విప్పిన గాడిద ఎవరమ్మా?"

"మెషిన్ డిజైన్ చెప్పే గాడిద బాబాయ్," అంది నసీమా. "ఇదిగో, ఇక్కడే ఉంది."

"అయ్యో, ఏమనుకోకండి సార్," అని ఆయన నాకు నమస్కారం పెట్టారు. ఆ నమస్కారం ఆ తిట్టు కన్నా గట్టిగా తగిలింది. "మరల్లో పిండి ఉండగానే బిగించారు సార్. మర మీద మర ఎక్కింది. నూనె రాస్తే పిండి ముద్దయిద్ది కదా. అదృష్టం, పైన రెండు చుట్లే పోయినయ్యి. సరిచేద్దాం. కింద బిళ్ళ అడుగున రేకులుండాలే, ఏవి?"

నేను గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను.

"ఏవి శేషూ?" అంది నసీమా.

"మొదటి టేబులు కాలు కింద."

కోటయ్యగారు చాలాసేపు నవ్వారు. నవ్వి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని పనిలో కూర్చున్నారు. సన్నటి ఆకురాయితో దెబ్బతిన్న మరల్ని ఒక్కొక్క చుట్టే సరిచేశారు. పొడి బ్రష్షుతో పళ్ళ సందులన్నీ దులిపారు. నీళ్ళు ముట్టించలేదు. నేను "నీళ్ళతో కడిగితే..." అని నోరు తెరిచేసరికి ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. మూసుకున్నాను.

చివరి బిగింపు రేకులు పెట్టాకే కుదురుతుందని ఆయనే మాతో బందరు వచ్చారు. షాపులో టేబులెత్తి రేకులు తీసి, తుడిచి, బిళ్ళ అడుగున పేర్చారు. "ఇవి లేకపోతే రెండు బిళ్ళలూ సమానంగా కూర్చోవు సార్. ఒకపక్క నలుగుద్ది, ఒకపక్క నలగదు," అన్నారు. తర్వాత గ్రైండరుకు చెవి ఆనించి, ఇత్తడి పట్టీని చేత్తో కొంచెం కొంచెంగా బిగించారు. లోపల ఎక్కడో పిచ్చుక కిచమన్నట్టు వినిపించింది. "అదీ! రెండూ ఒకదాన్నొకటి తాకినయ్యి. ఇక్కడ గుర్తు పెట్టుకుని, వెనక్కి రండి," అని పట్టీ మీద సన్నగా గీత గీశారు. రెండు పట్టాలున్న నాకు పట్టని సంగతిని ఆయన చెవి అర నిమిషంలో పట్టింది.

సాయంత్రం షాపు నిండింది. ప్రసాదుగారు వచ్చారు. నసీమా కాఫీ తీసింది. ఈసారి సన్నటి ధార, తేనెరంగు నురగ. ఆయన ఒక గుక్క తాగారు. రెండో గుక్క తాగారు. కప్పు ఖాళీ చేసి బోర్లించి, "మా కౌంటరు ఎప్పుడు తెరుస్తావు తల్లీ?" అన్నారు. నసీమా కోటయ్యగారి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నేను కూడా ఏడుద్దామనుకున్నాను గానీ, నాకు ఆ హక్కు ఉందో లేదో తేల్చుకోలేక కప్పులు కడిగాను. కప్పులు కడగడానికి నసీమా అనుమతించింది, అది కూడా గాజువి కానివి మాత్రమే.

జనం వెళ్ళాక ఆమె దగ్గరికి వెళ్ళాను. "నసీమా, ఏం శిక్ష వేస్తావో వెయ్యి."

"ఒక్కటే. కోటయ్య బాబాయిని మీ కాలేజీకి పిలిచి, మీ పిల్లల ముందు మాట్లాడించు."

ఇంత తేలిక శిక్షా అని సంతోషించాను. చూశారా, అప్పటికి కూడా బుద్ధి రాలేదు!

రెండు వారాల తర్వాత సెమినారు హాలు నిండా పిల్లలు, ముందు వరసలో ప్రిన్సిపాలుగారు, వెనక వరసలో నవ్వు ఆపుకుంటూ నసీమా. నేను కోటయ్యగారిని ఇంగ్లీషులో ఘనంగా పరిచయం చేశాను. ఆయన మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు.

"పిల్లలూ, నాకు ఉపన్యాసాలు రావు. ఒక్క ప్రశ్న అడుగుతా. పళ్ళ బిళ్ళల గ్రైండరులో బియ్యం పోస్తే ఏమవుద్ది?"

మూడో వరసలో ఒకమ్మాయి లేచింది. "బియ్యం గట్టివి కదండీ, మోటారు మీద లోడు పెరుగుద్ది. పిండి సందులో ఇరుక్కుని బిళ్ళలు బిగుసుకుపోతాయండీ. తేమ తగిలితే ముద్దగా గడ్డ కడుద్దండీ. బిళ్ళలు విప్పాలంటే ముందు గుర్తు పెట్టుకోవాలండీ, రేకులు పోగొట్టకూడదండీ."

కోటయ్యగారి మొహం వెలిగిపోయింది. "భేష్! నీకిదంతా ఎవరు నేర్పారమ్మా?"

"మా శేషగిరి సారేనండీ. పోయిన సెమిస్టరులో, మూడో యూనిట్లో చెప్పారు."

కోటయ్యగారు నా వైపు తిరిగారు. పరీక్షగా చూశారు. తర్వాత మళ్ళీ ఆ అమ్మాయి వైపు తిరిగి, జాలిగా అన్నారు:

"చెప్పారు గానీ అమ్మా, ఆ రోజు ఆయన క్లాసుకి వచ్చినట్టు లేరు."

హాలు పైకప్పు లేచిపోయింది. ప్రిన్సిపాలుగారు నవ్వు దాచుకోవడానికి జేబురుమాలు వెతుక్కున్నారు. వెతుకుతూ వెతుకుతూనే నవ్వారు.

కాబట్టి చదువరులారా, ఇందుమూలంగా సమస్త యంత్రాలకు, వాటి యజమానులకు తెలియజేసేదేమనగా: ముక్కోటి దేవతల సాక్షిగా, నా రెండు పట్టాల సాక్షిగా, ఇకపై నా జీవితంలో నడుస్తున్న ఏ యంత్రాన్నీ బాగుచేయను. ఆగిన దాన్ని అసలే ముట్టను. ఒకవేళ చెయ్యి దురదపెట్టి ఆగకపోతే, ముందు మూడో యూనిట్ నోట్సు తీసి, నా క్లాసులో నేనే చివరి బెంచీలో కూర్చుని, చేతులు కట్టుకుని, నేను చెప్పే పాఠం బుద్ధిగా వింటాను. హాజరు కూడా వేయించుకుంటాను.